వెడల్పు స్కీకి ఏ మంచు కావాలి?

ఇబ్రహీంపట్నం చెరువు కింద కరిగెట దున్నేటప్పుడు ట్రాక్టర్‌కు కేజ్‌వీల్స్ ఎందుకు తగిలిస్తారో అబ్దుల్లాపూర్‌మెట్‌లో బడిపిల్లాడిని అడిగినా చెబుతాడు. బురదలో వట్టి రబ్బరు టైరు దిగబడి అక్కడక్కడే తిరుగుతుంది. పక్కన ఇనుప పట్టీల చక్రం ఉంటే బరువు ఎక్కువ జాగా మీద పరుచుకుంటుంది, పట్టు దొరుకుతుంది, బండి ముందుకు సాగుతుంది. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే మాత్రం రోడ్డు పాడవుతుంది, నడిపేవాడి ఒళ్లు హూనమవుతుంది, ఎవరైనా ఆపితే జరిమానా కూడా కట్టాల్సి వస్తుంది. మెత్తని నేల కోసం చేసిన వెడల్పు గట్టి నేల మీద బరువవుతుందన్న సంగతి మన రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే, ఈ ఊళ్ల నుంచే అమెరికా వెళ్లి, మంచు కొండల మీద స్కీయింగ్ మొదలుపెట్టిన మన పిల్లలు స్కీలు కొనేటప్పుడు మాత్రం ఈ తెలివిని ఇంట్లోనే వదిలేసి పోతున్నారు. వీడియోల్లో గాలిలోకి మంచు ధూళి లేపుతూ దిగేవాళ్ల కాళ్ల కింద ఏ స్కీలు కనిపిస్తే అవే కావాలంటారు. అవి 110, 115 మిల్లీమీటర్ల నడుము ఉన్న పౌడర్ (తాజా పొడి మంచు) స్కీలు. వాటి మీద నాకు కోపమేమీ లేదు. అవి పని చేసే మంచు వేరు, మనవాళ్లు ఎక్కువ రోజులు తిరిగే మంచు వేరు అన్నదే నా వాదన.

ముందు అవి చేసే మేలు ఒప్పుకోవాలి. స్కీ నడుము అంటే బూటు కింద ఉండే సన్నని భాగం వెడల్పు. పాతకాలపు స్కీకి అది 70 మి.మీ. లోపే ఉండేది, పొడుగు మాత్రం రెండు మీటర్లు దాటేది. బూట్లు, బట్టలు కలిపి 80 కిలోలు తూగే మనిషి వట్టి బూట్లతో తాజా మంచులో నిలబడితే చదరపు సెంటీమీటరు మీద వంద గ్రాములకు పైనే పడుతుంది, మోకాలిదాకా దిగిపోతాడు. ఆ పాత స్కీల జత మీద నిలబడితే బరువు సుమారు 3,000 చదరపు సెంటీమీటర్లకు పరుచుకుని 27 గ్రాములకు తగ్గుతుంది. 115 మి.మీ. నడుము స్కీల మీద అది 17 గ్రాముల దగ్గరికి వస్తుంది. అలాగని ఈ స్కీలు తేలుతూ నిలబడతాయని కాదు. ఘనమీటరుకు 50 నుంచి 100 కిలోలు మాత్రమే తూగే కొత్త పొడి మంచులో కదలకుండా నిలబడితే ఎంత వెడల్పు స్కీ అయినా మునుగుతుంది. వేగం అందుకున్నాక కింది మంచు నొక్కుకుని కాస్త గట్టిపడుతుంది, ముక్కు కింద ఎదురు తోపు పుడుతుంది, అప్పుడు స్కీ పైకి తేలుతుంది. వెడల్పు చేసే అసలు మేలు ఇక్కడుంది: తేలడానికి కావాల్సిన వేగాన్ని అది తగ్గిస్తుంది. సన్న స్కీల మీద పౌడర్‌లో దిగాలంటే రెండు కాళ్లూ దగ్గర పెట్టి, ఒకే పలకలా వాడుతూ, ఒక లయలో ఎగిరెగిరి తిప్పాలి. అది ఏళ్ల తరబడి సాధన చేసినవాడి విద్య. 1980ల చివర్లో ఆస్ట్రియాలోని అటామిక్ కంపెనీలో రూపర్ట్ హ్యూబర్ ఒక స్నోబోర్డును నిలువునా కోసి రెండు స్కీలుగా మలచి చూశాడు. అందులోంచి వచ్చిన పౌడర్ ప్లస్ స్కీని కెనడాలో హెలికాప్టర్ స్కీయింగ్ నడిపేవాళ్లు తమ అతిథుల కాళ్లకు తగిలించారు. అలా మొనగాళ్ల సొత్తుగా ఉన్న లోతు మంచు, మామూలు స్కీయర్లకూ అందింది. వెనకటివాళ్లకు ఇవన్నీ ఉన్నాయా అని దీర్ఘాలు తీసే పాతకాపుల మాట నేను ఒప్పుకోనిది ఇందుకే.

కానీ వెడల్పుకు ఇస్తున్న మెప్పులో సగం నిజానికి ఆకారానికి చెందాలి. ఈ సంగతి అందరికంటే బాగా పట్టుకున్నవాడు స్కీయర్ షేన్ మెకాంకీ. మామూలు స్కీ ముక్కు దగ్గర, తోక దగ్గర వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా ఉంటుంది. ఈ వంపునే సైడ్‌కట్ అంటారు. గట్టి మంచు మీద స్కీని పక్కకు వాల్చితే ఆ వంపు వల్లే అది విల్లులా వంగి, తనంతట తానే మలుపు తిరుగుతుంది. మెకాంకీ అడిగింది చిన్న ప్రశ్న: లోతు పౌడర్‌లో అంచు ఆనడానికి గట్టి నేలే లేనప్పుడు ఈ వంపు దేనికి? అక్కడ స్కీ అడుగు మొత్తం పని చేస్తుంది, మలుపు తిప్పడమంటే స్కీని పక్కకు జార్చడమే. ఆ పనిలో వెడల్పాటి ముక్కు, తోక కొక్కెంలా తగులుకుంటాయి. 1996లో అర్జెంటీనాలోని లాస్ లెన్యాస్‌లో ఒక కాగితపు రుమాలు మీద ఆయన ఈ ఊహను గీశాడని స్కీ లోకంలో అందరూ చెప్పుకుంటారు. తర్వాత నీటి మీద జారే స్కీలకు బూటును పట్టి ఉంచే బైండింగ్‌లు బిగించి అలాస్కా మంచులో దిగి చూపించాడు. 2000ల మొదట్లో వోలంట్ కంపెనీ ఆ ఆలోచనను స్పాట్యులా పేరుతో అమ్మకానికి తెచ్చింది. నడుమే అన్నిటికంటే వెడల్పు, దాదాపు 125 మి.మీ.; ముక్కు, తోక సన్నబడి పడవ కొనల్లా పైకి లేచి ఉంటాయి. చదును చేసిన గట్టి బాట మీద అది నడపడం నరకం. దాన్ని చేసినవాళ్లూ దాచలేదు, ఎందుకంటే అది అక్కడి కోసం చేసిన వస్తువే కాదు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే వెడల్పు స్కీలు చాలావరకు రాజీ బేరాలు: ముక్కు పైకి లేచే రాకర్ మెకాంకీ దగ్గర తీసుకున్నారు, బూటు కింద మాత్రం వంతెనలా పైకి వంగే పాత క్యాంబర్, పాత సైడ్‌కట్ కొంచెం ఉంచేశారు. 95 మి.మీ. నడుముకు మంచి రాకర్ ఉంటే, రాకర్ లేని 110 కంటే పొడి మంచులో తేలికగా తిరగడం అందుకే.

ఇప్పుడు గట్టి మంచు సంగతి చూద్దాం. రిసార్టులో యంత్రాలతో రాత్రంతా దువ్వి చదును చేసిన బాట, తాజా మంచుకు నాలుగైదు రెట్లకు మించి దట్టంగా ఉంటుంది. దాని మీద స్కీ అడుగు కాదు, ఇనుప అంచు పని చేస్తుంది. బూటు స్కీకి నడిమధ్యన ఉంటుంది కాబట్టి, 66 మి.మీ. నడుమైతే అంచు బూటు మధ్యగీతకు 33 మి.మీ. దూరంలో ఉంటుంది, 116 మి.మీ. అయితే 58 మి.మీ. దూరంలో. మలుపులో మంచు ఇచ్చే ఎదురు ఒత్తిడి అంతా ఆ అంచు మీదే పడి, స్కీని మళ్లీ బల్లపరుపుగా పడుకోబెట్టాలని చూస్తుంది. దూరం 33 నుంచి 58కి పెరిగితే ఆ మెలితిప్పే బలం ముప్పాతిక వంతు పెరుగుతుంది. బూటు గట్టిది కనుక చీలమండ కొంత తప్పించుకుంటుంది, ఆ భారం మోకాలికి పోతుంది. 2015లో స్లొవేనియా పరిశోధకులు వేర్వేరు వెడల్పుల స్కీల మీద కొలిచి చెప్పిందీ ఇదే: గట్టి మంచు మీద స్కీ వెడల్పయ్యే కొద్దీ మోకాలి కీలు తన కదలిక హద్దుకు దగ్గరగా పని చేయాల్సి వస్తోందని. ఇరవై ఏళ్ల పోటీదారుడికి ఇదొక లెక్క కాకపోవచ్చు. వారమంతా కుర్చీలో కూర్చుని శనివారం కొండెక్కే నలభై ఏళ్ల సాఫ్ట్‌వేర్ మోకాలికి మాత్రం ఇది లెక్కే. పైగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారాలంటే స్కీ ఎంత వెడల్పుంటే అంత ఆలస్యం. మొదట్లో వెడల్పు స్కీ తేలిగ్గా ఉందనిపించడానికి కారణం, అది అంచు పట్టకుండా పక్కకు జారిపోవడం. అలా జారుతూ నేర్చుకున్నవాడికి అంచు వాడడం రాదు, ఆ లోటు ఐసు మీద బయటపడుతుంది.

పొడి మంచుకూ గట్టి మంచుకూ మధ్యలో ఇంకా చాలా ఉన్నాయి, బేరం అక్కడే చిక్కుపడుతుంది. పది సెంటీమీటర్ల కొత్త మంచు కింద రాయిలాంటి పాత మంచు ఉందనుకోండి. చూడ్డానికి పౌడర్ రోజే, కానీ వెడల్పు స్కీ కూడా నొక్కుకుని అడుగు తాకుతుంది, మలుపును తేల్చేది కిందున్న గట్టి పొరే. తెల్లవారి పడిన మంచును పదకొండింటికల్లా జనం తొక్కి గడ్డలు గడ్డలు చేస్తారు. అక్కడ వెడల్పు కంటే బరువు, బిగువు ముఖ్యం. తేలికపాటి వెడల్పు స్కీ ఆ గడ్డలకు తగిలి అటూ ఇటూ ఎగురుతుంది, లోహపు రేకు వేసిన 95 మి.మీ. స్కీ వాటిని కోసుకుంటూ పోతుంది. గాలికి పైన పెచ్చు కట్టిన మంచు మరీ పాడుది. అది బరువు ఓర్చుకుంటే వెడల్పు స్కీ దాని మీద నుంచి పోతుంది, విరిగితే మాత్రం సన్న స్కీ ముక్కు కింద ఇరుక్కుని మనిషిని ముందుకు పడేస్తుంది. పెచ్చు మంచులో వెడల్పు, రాకర్ రెండూ కలిసి ప్రాణం కాపాడతాయని ఒప్పుకోవాల్సిందే. మార్చి ఎండకు నీరు పట్టిన చిత్తడి మంచులో కూడా వెడల్పు స్కీ మునగదు, కానీ అడుగు తడితో అతుక్కుని కాళ్లకు బ్రేకు వేసినట్టవుతుంది. అక్కడ వెడల్పు కంటే మైనం, స్కీ అడుగున గీసే సన్నని గాళ్లు ఎక్కువ పని చేస్తాయి.

ఈ లెక్కలన్నీ మన జనం ఉన్న చోట్లకు తెచ్చి చూడాలి. న్యూజెర్సీ తెలుగువాళ్లకు దగ్గరున్నవి పోకొనోస్ కొండలు, ఇంకొంచెం ఓపికుంటే వెర్మాంట్. అక్కడ చాలా బాటలు యంత్రాలు చల్లిన మంచుతోనే నడుస్తాయి. అది చిన్న చిన్న ఐసు పూసలు, పువ్వులా రాలే మంచు కాదు. పగలు కరిగి రాత్రి గడ్డకడితే అద్దమే. ఆ కొండల మీద 110 మి.మీ. స్కీ కొన్నవాడు దాన్ని గ్యారేజీ గోడకు ఆనించడానికే కొన్నాడని నా అభిప్రాయం. బే ఏరియా నుంచి లేక్ తాహో వెళ్లేవాళ్ల సంగతి వేరు. సముద్రం మీది తేమతో వచ్చే తుపానులు అక్కడ మీటర్ల కొద్దీ మంచు పోస్తాయి, కానీ అది బరువైన మంచు. అక్కడివాళ్లే దాన్ని సియెరా సిమెంటు అంటారు. సియాటిల్ వైపు స్నోక్వాల్మీ, స్టీవెన్స్ పాస్ కొండల మంచుకూ కాస్కేడ్ కాంక్రీటు అని పేరుంది. యూటాలోని ఆల్టాలో 100 మి.మీ. కొత్త మంచును కరిగిస్తే సగటున 8 మి.మీ. నీరు వస్తుంది; ఈ తీరప్రాంతపు కొండల్లో 12కు అటూ ఇటూ. బరువైన మంచు ఎక్కువ బరువు మోస్తుంది కాబట్టి అక్కడ తేలడానికి వెడల్పు అంత అక్కర్లేదు. ముక్కు లేచి ఉండాలి, స్కీ గట్టిగా ఉండాలి. సియాటిల్ స్కీయర్‌కు 95 నుంచి 100 మి.మీ. మధ్య స్కీ సరైన బేరం అనడానికి నాకు అభ్యంతరం లేదు. డాలస్ నుంచి కొలరాడో పోయేవాళ్లది ముందు టికెట్లు కొనుక్కుని ఏడాదికోసారి చేసే ప్రయాణం. వాళ్లు దిగేనాటికి మంచు ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వరు. వాళ్లకైతే స్కీలు కొనడమే దండగ.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది: పౌడర్ రోజు అరుదు కాబట్టే ఆ రోజుకు సరిపోయే స్కీ చేతిలో ఉండాలి కదా, మిగతా రోజులు ఎలాగో సర్దుకుంటాం అని. మాట బాగానే ఉంది. కానీ సర్దుకునేది ఎవరు? సీజన్‌లో ఎక్కువ రోజులు మోకాలు సర్దుకోవాలి, నేర్చుకునే పాఠం సర్దుకోవాలి. దానికి బదులు గట్టి మంచుకు 80 నుంచి 90 మి.మీ. మధ్య నడుముండే స్కీ సొంతానికి ఉంచుకుని, తుపాను పడిన రోజు కొండ కింద దుకాణంలో వెడల్పు స్కీ అద్దెకు తీసుకుంటే ఖర్చూ తక్కువ, మేలూ ఎక్కువ. ఆ రోజు దుకాణంలో అవన్నీ అయిపోతాయంటారు; నిజమే, ముందు రాత్రే చెప్పి పెట్టుకోవాలి. ఇంకొందరు ఇప్పటి వెడల్పు స్కీలు పాతవాటిలా కావు, గట్టి బాట మీదా బాగా తిరుగుతున్నాయి అంటారు. తిరుగుతున్నాయి, నిజమే. లోహపు పొరలు, మెరుగైన రాకర్ వల్ల ఇప్పటి 100 మి.మీ. స్కీ ఇరవై ఏళ్ల కిందటి దానికంటే ఎంతో నయం. అయితే అదే లోహం, అదే నేర్పు 85 మి.మీ. స్కీలోనూ పెట్టారు. అంచుకూ బూటు మధ్యగీతకూ ఉన్న దూరాన్ని మాత్రం ఏ కంపెనీ తగ్గించలేదు.

మన దేశంలో వెడల్పు స్కీకి నిజంగా చోటున్నది గుల్మార్గ్. అఫర్వత్ శిఖరం కిందకు 2005లో గొండోలా రెండో దశ తెరిచాక, 3,900 మీటర్ల ఎత్తు దాటి మనిషిని దించే తీగమార్గం చేతికొచ్చింది. పైన దువ్విన బాటలు ఉండవు, ఖాళీ కొండే. చలి, ఎత్తు కలిసి మంచును పొడిగా ఉంచుతాయి. అక్కడ 110 మి.మీ. స్కీ వేసుకున్నవాడిని నేను ఏమీ అనను. అయితే హైదరాబాద్ నుంచి నాలుగు రోజులకని వెళ్లేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పెద్ద మంచు పడిన మరునాడు, మంచు చరియ ప్రమాదం ఎంతో తేలేదాకా రెండో దశ మూసేస్తారు. మూయడమే మంచిది, 2024 ఫిబ్రవరిలో మంచు చరియ విరిగిపడి అక్కడ ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. స్కీ ఎంత వెడల్పున్నా చరియ ముందు పనికిరాదు. రెండోది, మంచే రాకపోవచ్చు. 2024 జనవరి చాలావరకు గుల్మార్గ్ మైదానం ఎండిపోయి పచ్చికతో కనిపించింది. 2025లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో గుల్మార్గ్ పోటీలు మంచు లేక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. అంటే నాలుగు రోజుల్లో మూడు రోజులు కింది వాలుల మీద, తొక్కి గట్టిపడిన మంచులోనే గడిచే అవకాశం ఎక్కువ. అద్దె దుకాణంలో వెడల్పు అడగడానికి ముందు గైడ్‌ను పైన దారి తెరిచారా, కింద ఎలా ఉంది అని అడగాలి. ఏ స్కీ చేతికిచ్చినా అంచు మీద గోటి వెనకవైపును అడ్డంగా ఒకసారి గీకి చూడాలి: గోరు నుంచి సన్నని తెల్లపొడి రాలితే పదునుంది, ఉత్త జారుడు తగిలితే ఎంత నడుమున్నా ఆ జత వెనక్కిచ్చి ఇంకోటి అడగాలి.