దాని భయాన్ని కాపాడండి

సంక్రాంతి వెళ్ళిపోయినా పతంగుల దారం వెళ్ళిపోదు. హైదరాబాదులో వేపకొమ్మలకీ కరెంటు తీగలకీ చుట్టుకుని ఎండాకాలం దాకా వేలాడుతూనే ఉంటుంది. నూలు దారమైతే నాలుగు వానలకి చివికిపోయేది. నైలాన్ మాంజా చివకదు. దానికి గాజుపొడి పూత కూడా ఉంటే, ఎగురుతూ వచ్చి తగిలిన గద్ద రెక్క ఎముక దాకా తెగుతుంది. ఇలాంటి మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా నిషేధించింది. అయినా జనవరి వచ్చేసరికి ఏదో ఒక దుకాణంలో దొరుకుతూనే ఉంది. పండగ అయ్యాక గద్దలూ కొంగలూ గబ్బిలాలూ పావురాలూ చెట్లకి తలకిందులుగా వేలాడుతుంటాయి. వాటిని దించేవాళ్ళ ఫోన్లు ఆగకుండా మోగుతుంటాయి.

ఆ పని చేసేవాళ్ళ పక్కన నిలబడి, చేతనైన సాయం చేస్తూ నేను గట్టిగా నమ్మడం మొదలుపెట్టిన మాట ఒకటుంది. అడవి ప్రాణికి గాయం మాన్పడం సగం పనే. మనమంటే దానికున్న భయం పోకుండా చూడడం మిగతా సగం. ఈ రెండో సగం గురించి మనం దాదాపుగా మాట్లాడుకోం.

మొదటి సగం చెయ్యి తిరిగిన పని. చెట్టుకి చిక్కిన పక్షిని దారం పట్టి లాగకూడదు. లాగినకొద్దీ కోత లోతవుతుంది. ఇరుపక్కలా బెత్తెడు దారం వదిలి కత్తిరించి, ఒంటికి చుట్టుకున్నదాన్ని డాక్టరుకి వదిలెయ్యాలి. మీద తువ్వాలు కప్పితే కళ్ళకి చీకటి పడి గింజుకోవడం తగ్గుతుంది. గద్ద విషయంలో జాగ్రత్త పడవలసింది ముక్కుతో కన్నా కాలిగోళ్ళతో. ఆ తరవాత కావలసింది గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టె, అడుగున పాత గుడ్డ, పైన మూత, ఇంట్లో సద్దులేని మూల. తీగల పంజరం వద్దు, కొట్టుకుని ఈకలు విరుగుతాయి. నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. పక్షికి శ్వాసనాళం తెరుచుకునేది నాలుక మొదట్లోనే. జాలితో పోసిన చెంచాడు నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తియ్యగలవు. పాలు, రొట్టె అసలే వద్దు.

పక్షికి భుజానికీ మణికట్టుకీ మధ్య, రెక్క ముందు అంచున పల్చటి చర్మం పొర ఉంటుంది. రెక్క చాచినప్పుడు గాలిని ముందుగా ఎదుర్కొనేది అదే. మాంజా తెగ్గోసేదీ తరచుగా దాన్నే. ఆ పొరా దాని అంచున సాగే పట్టీ తెగిపోతే, మళ్ళీ ఎగిరేలా కుట్టడం నేర్పున్న చేతులకే సాధ్యం. ఢిల్లీలో నదీమ్ షెహజాద్, మొహమ్మద్ సౌద్ అనే అన్నదమ్ములు పశువైద్యం చదవకపోయినా ఇంటి కింది గదిలో గద్దలకి కుట్లు వేస్తూ ఏళ్ళు గడిపారు. మాంసం తినే పక్షి అని తిప్పి పంపడంతో వైద్యం దొరకని గద్దతో మొదలైంది వాళ్ళ పని. 2022లో వాళ్ళ మీద వచ్చిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఆ అన్నదమ్ములు గద్దల్ని పెంచుకోలేదు. ఎగరగలిగిన ప్రతిదాన్నీ ఢిల్లీ ఆకాశానికి తిరిగి ఇచ్చేశారు. నా దృష్టిలో వాళ్ళ గొప్పతనం అక్కడుంది.

ఇక రెండో సగం. పెట్టెలో పక్షి కదలకుండా కూర్చుంటే, తెచ్చినవాళ్ళు “చూశారా, మనం మంచే చేస్తున్నామని దానికి తెలిసిపోయింది” అంటారు. తల నిమురుతారు. పిల్లల్ని పిలిచి చూపిస్తారు, ఫొటోలు తీసుకుంటారు. వాళ్ళ జాలి నిజమైనదే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ పక్షి లెక్కలో మనం చంపి తినే జంతువులం. కదిలితే చస్తానని బిగుసుకుపోయి ఉంది, అంతే. మనం నిమిరిన ప్రతిసారీ దాని గుండె ఇంకా జోరుగా కొట్టుకుంటుంది. దుప్పులకీ కృష్ణజింకలకీ ఈ బెదురు ప్రాణాంతకం. కుక్కలు తరిమితే ఊళ్ళోకి వచ్చిపడిన జింకని పట్టి, కాళ్ళు కట్టి, చుట్టూ జనం మూగితే, పైకి గాయమే లేకపోయినా లోపల కండరాలు చెడిపోయి గంటల తరవాతో రోజుల తరవాతో అది చనిపోవచ్చు. కళ్ళకి గుడ్డ కట్టి, జనాన్ని దూరంగా పంపడమే అక్కడ మొదటి వైద్యం.

చేతిలో ఉన్నంతసేపూ ఆ భయం దాన్ని చంపుతుంది. చెయ్యి దాటాక ఆ భయమే దాన్ని బతికిస్తుంది. అందుకే బెదరగొట్టకూడదు, బెదురు పోగొట్టనూ కూడదు. ఈ రెండింటికీ మందు ఒక్కటే: తక్కువ ముట్టుకోవడం, తక్కువ మాట్లాడడం, తక్కువ చూడడం. పేరు పెట్టి పిలవకపోవడం.

దిక్కులేనిదని మనం తెచ్చే పిల్లల్లో చాలావాటికి తల్లి ఉంటుంది. కృష్ణజింక ఈనిన కొత్తలో పిల్లని గడ్డిలో దాచి, దూరంగా మేస్తూ, పాలివ్వడానికి వచ్చిపోతుంది. కదలకుండా పడుకోవడమే ఆ పిల్లకి రక్ష. పొలానికి వెళ్ళినవాళ్ళు దాన్ని చూసి అయ్యో అని ఎత్తుకొస్తారు. సాయంత్రం తల్లి వచ్చి వెతుక్కుంటుంది. ఎండాకాలంలో ఈకలు నిండిన గోరింక పిల్లో పిగిలిపిట్ట పిల్లో నేల మీద గెంతుతుంటే, అది ఎగరడం నేర్చుకుంటోందని అర్థం. తల్లీ తండ్రీ దగ్గర్లోని కొమ్మ మీదే ఉండి నోటికి అందిస్తుంటాయి. మనం చెయ్యవలసింది కాసేపు కుక్కనీ పిల్లినీ లోపల ఉంచడం. ఈకలు రాని పిల్ల పడితే గూటిలో తిరిగి పెట్టవచ్చు. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదనే నమ్మకం నిజం కాదు. కొబ్బరిమట్టలు కొట్టినప్పుడు గూడుతో సహా పడిన ఉడుత పిల్లల్ని చెట్టు మొదట్లో వెచ్చగా ఉంచి మనం దూరం జరిగితే, తల్లి ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని తీసుకుపోతుంది. ఇంటికి తెచ్చి ఆవుపాలు పడితే విరేచనాలతో పోతాయి.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులి పిల్లలు దొరికినప్పుడు, జనం వాటి వీడియోలు చూసి ముచ్చటపడ్డారు. అటవీ సిబ్బంది ముందు ప్రయత్నించింది వాటిని తల్లితో కలపడానికి. అది సాధ్యపడక తిరుపతి జూకి తరలించారు. ముద్దొచ్చే పిల్లలు చేతిలో ఉండగా, వాటిని తల్లికే అప్పగించాలని చీకట్లో కాపు కాయడం ఉత్తమమైన పని. పులి పిల్లకి వేట నేర్పేది తల్లి. మనుషులు పెంచితే వేట రాకపోవడం ఒక కష్టం, మనిషిని చూస్తే తిండి గుర్తుకు రావడం అంతకన్నా పెద్ద ముప్పు. తల్లి లేకపోయినా దారి మూసుకుపోదని మధ్యప్రదేశ్‌లో రుజువైంది. కన్హాలో తల్లిని పోగొట్టుకున్న రెండు ఆడ పులిపిల్లల్ని పెద్ద కంచె లోపల, మనిషికి దూరంగా, వేటాడి తినేలా పెంచి 2011లో పన్నా అడవిలో వదిలారు. అంతకు రెండేళ్ళ ముందే పన్నాలో పులన్నదే లేకుండా పోయింది. ఆ అనాథలు అక్కడ వేటాడి బతికాయి, పిల్లల్ని కన్నాయి. వాటిని పెంచినవాళ్ళు కనబడకుండా ఉండగలిగారు కాబట్టే అది జరిగింది.

ఈ దూరం చదువుకున్నవాళ్ళకే తెలుస్తుందని అనుకోకండి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా చలికాలం ముందు గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. రాళ్ళు వెయ్యరు, గూళ్ళ జోలికి పోరు. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులోనూ ఇవే పక్షులు, ఇదే మర్యాద. అక్కడ ఎత్తైన గూళ్ళ నుంచి పడిన పిల్లల్ని కంచె కట్టి ఒకచోట ఉంచి, చేపలు వేసి పెంచి, ఎగిరే వయసొచ్చాక వదిలేస్తారు. గుంపుగా పెరగడంలోనే ఉంది కిటుకు. తన జాతి మొహాలు చూస్తూ పెరిగిన పిల్లకి తానెవరో తెలుస్తుంది. ఒంటరిగా మన ఒళ్ళో పెరిగిన పిల్ల మనిషినే తన జాతి అనుకుంటుంది. దాన్ని వదిలినా మళ్ళీ మన గుమ్మానికే వస్తుంది, మొదట ఎదురైన కుక్కకో రాయికో బలవుతుంది.

ప్రేమ పేరుతో మనం చేసే హాని చాలా ఉంది. దసరానాడు పాలపిట్ట కనబడితే శుభమంటాం. అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. ఆ శుభం అమ్మడానికి దాన్ని వలవేసి పట్టి, రెక్కలు కట్టి, జనాలకి చూపించి డబ్బులడిగేవాళ్ళున్నారు, ఇచ్చేవాళ్ళం మనం. రెక్కలు కత్తిరించిన రామచిలుక మన వసారాల్లో ముద్దుగా మాట్లాడుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షుల్ని పట్టడమూ పెంచుకోవడమూ నేరమే. గాయపడినదాన్ని కాపాడి తెచ్చుకున్నా సరే, అది మనది కాదు. 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారికో తెలపాలి.

వదిలేముందు చూడవలసిన లక్షణాలు మూడు. ఆగకుండా దూరం ఎగరగలగాలి. తన తిండి తాను పట్టుకోగలగాలి. మనిషి తలుపు తీస్తే వీలైనంత దూరం పోయి కూర్చోవాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా అది సిద్ధంగా లేనట్టే. కొన్ని ఎప్పటికీ సిద్ధం కావు. రెక్క పోయిన గద్ద ఆకాశం లేకుండా జీవితాంతం పంజరంలో బతకాలా, డాక్టరు బాధ లేకుండా కన్ను మూయించాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. రెండోదాన్ని ఎంచుకున్న డాక్టర్లని నేను దయలేనివాళ్ళని అనను.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే సంక్రాంతికి మీ పిల్లలకి నూలు దారమే కొనివ్వండి. మీ మేడ మీద, మీ చెట్టు మీద వేలాడే మాంజా కనబడితే తీసి చుట్టచుట్టి చెత్తలో వెయ్యండి. మీ ప్రాంతపు అటవీ రేంజ్ ఆఫీసు నంబరు ఇవాళే కనుక్కుని ఫోన్లో పెట్టుకోండి. గాయపడిన ప్రాణి దొరికితే పెట్టెలో ఉంచి, మూత వేసి, ఆ నంబరుకి ఫోన్ చెయ్యండి. వాళ్ళు వచ్చేదాకా ఆ మూత తీసి చూడకండి. దానికి మీరు చెయ్యగల అసలైన ఉపకారం అదే.