బదులు పలికే చింత: సవర మృతసంభాషణలపై వైటెబ్స్కీ గ్రంథాలు - కాపరిదృష్టితో ఒక విమర్శ

పార్వతీపురం పరిసరాల కొండసంఘాలలో పరిచర్య చేసే కాపరి వద్దకు వచ్చే మనోవేదనలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. నిద్ర పట్టదు. ఒకే ఆలోచన గానుగెద్దులా తిరిగిన చోటనే తిరుగుతుంది. చనిపోయిన తల్లికి తానేదో లోపం చేశాననీ, బిడ్డకు కీడు జరగబోతున్నదనీ, తాను ఎందుకూ కొరగాననీ మనసు చెబుతూనే ఉంటుంది. మనం సాధారణంగా ఇచ్చే జవాబు ఒక వాక్యం, ఒక ప్రార్థన, చింతపడవద్దని ఒక హెచ్చరిక. ఆ హెచ్చరిక విని ఇంటికి వెళ్లిన మనిషి మునుపటి చింతకు తోడు చింతపడుతున్నానన్న మరొక చింతను కూడా మోసుకుపోతాడు. ఈ స్థితిని వేదాంతపరంగా పరిశీలించడానికి మేము రెండు మానవశాస్త్ర గ్రంథాలను ఎన్నుకొన్నాము. క్రైస్తవేతర ఆచారాన్ని వర్ణించే పుస్తకాలతో వేదాంత కళాశాల పత్రికకు ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. ఆ ఆచారాన్ని విడిచి వచ్చినవారే నేడు మన సంఘాలలో సభ్యులు గనుక పని ఉన్నదని మా మనవి.

పియర్స్ వైటెబ్స్కీ బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు. 1970వ దశకం మధ్యలో ఒడిశాలోని నేటి గజపతి జిల్లా కొండలకు వచ్చి, సవర భాష నేర్చుకొని, వారి మధ్య నివసించాడు. ఆయన మొదటి గ్రంథం ‘మృతులతో సంభాషణలు’ 1993లోనూ, రెండవది ‘మృతులు లేని జీవనం’ 2017లోనూ ఇంగ్లీషులో వెలువడ్డాయి. సవరలను గూర్చి అంతకు ముందే గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి చేసిన భాషాకృషి తెలుగువారందరికీ తెలిసినదే. వెరియర్ ఎల్విన్ వారి మతాన్ని గూర్చి 1955లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. అయితే ఎల్విన్ ఆచారాలను కూర్చి వర్ణించిన చోట, వైటెబ్స్కీ కూర్చొని మాటలు విన్నాడు. ఆయన పుస్తకాల విలువ అక్కడే ఉన్నది.

ఆయన విన్నది ఇది. సవర ఇంట ఒకరు చనిపోతే ఆ మనిషి ‘సోనుమ్’ అవుతాడు. పూనకం పట్టే గురువు, ఎక్కువగా స్త్రీ, పాతాళానికి దిగిపోగా ఆమె నోట మృతులు ఒకరి తరువాత ఒకరు వచ్చి మాటాడుతారు. బంధువులు చుట్టూ కూర్చొని వారితో వాదిస్తారు, ఏడుస్తారు, ఎగతాళి చేస్తారు, నిలదీస్తారు. ఎందుకు పోయావు, వైద్యం చేయించలేదని కోపమా, పొలం ఎవరికి, నా బిడ్డను ఎందుకు పట్టుకున్నావు అని అడుగుతారు. మృతుడు తాను ఏ బాధతో పోయాడో ఆ బాధనే బ్రతికి ఉన్నవారికి అంటిస్తాడని వారి నమ్మకం. కనుక పిల్లవాడికి జబ్బు చేస్తే, ఆ జబ్బుతో పోయిన పూర్వీకుడు అతన్ని తలచుకొంటున్నాడని అర్థం. ఏళ్ల తరబడి ఈ సంభాషణలు సాగిన మీదట మృతుడు తన మరణబాధ నుండి మెల్లగా విడిపోయి, పీడించే స్థితి వదిలి కాపాడే పితరుడౌతాడు. అతని పేరు పుట్టబోయే బిడ్డకు పెడతారు. తరాలు గడిచాక ఎవరూ తలచుకోని ఆ మృతుడు చివరకు సీతాకోకచిలుక అవుతాడు.

దీనిని వైటెబ్స్కీ ఫ్రాయిడ్ 1917లో ప్రచురించిన ‘దుఃఖం, విషాదరోగం’ అనే వ్యాసంతో పోల్చి చూపిన భాగం మొదటి గ్రంథానికి గుండెకాయ వంటిది. ఫ్రాయిడ్ దృష్టిలో పోయినవాడు పోయాడు. మిగిలినదంతా దుఃఖించే మనిషి మనసులోనే జరగవలసిన పని. ఆ పని కుదరకపోతే కోపం లోపలికి తిరిగి తన మీదనే పడుతుంది, మనిషి తనను తాను నిందించుకొంటాడు. సవరలకు ఆ జ్ఞాపకం లోపల ఉండదు, బయట ఉంటుంది. దానికి పేరు, స్వరం, కోపం, కోరిక ఉంటాయి. పట్టి పీడించే ఆలోచన ఇక్కడ ఒంటరి మనసులో గిర్రున తిరగదు. పదిమంది ముందు నిలబడి మాటాడుతుంది, జవాబు వింటుంది, జవాబు విని మారుతుంది కూడా. బాగుపడవలసినది బ్రతికినవాడొక్కడే కాదు, చచ్చినవాడు కూడా. ఆందోళనను గూర్చి మేము చదివిన లౌకిక గ్రంథాలలో ఇంత లోతైన పరిశీలన తక్కువ.

మెచ్చుకోలు ఇక్కడ ఆపి, మా ఆక్షేపణలు చెబుతాము. మొదటిది భౌగోళికమైనది. వైటెబ్స్కీ చూసింది గజపతి కొండలలోని లాంజియా సవరలను. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం మండలాలలోని మన సవరలు తెలుగు మాట్లాడే మైదానంతో, జాతాపుల వంటి ఇరుగుపొరుగు తెగలతో తరతరాలుగా కలిసిమెలిసి ఉన్నవారు. గజపతిలో విన్నదంతా పార్వతీపురానికి అతికించడం తగదు. గ్రంథకర్త ఆ పొరపాటు చేయలేదు గాని, ఆయనను చదివి పరవశించే మనవారు చేసే ప్రమాదం ఉన్నది.

రెండవది ఇంకా బరువైనది. సంభాషణ ఓదార్పునిచ్చిన మాట నిజమే. కాని ఆ ఓదార్పు అవసరమైన భయాన్ని పుట్టించింది కూడా ఆ విశ్వాసమే గదా! ప్రతి జ్వరం వెనుక ఒక చనిపోయిన చుట్టం ఉన్నాడన్న లోకంలో మనిషి ఎప్పటికి నిశ్చింతగా ఉంటాడు? ప్రతి జవాబుకూ ఒక కోడి, ఒక మేక, ఒక దున్న కావాలి. అందుకు అప్పు కావాలి. బలుల ఖర్చు, భయం కొత్త తరం పాత పద్ధతిని వదలడానికి కారణాలలో ఉన్నాయని గ్రంథకర్త దాచలేదు. అయినా ఆయన ఊగు ఎప్పుడూ సంభాషణ వైపే. మన ప్రాంతంలో చిల్లంగి అనుమానం ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో తెలిసిన వారు, ఎజ్జోడి చెంతకు పరుగెత్తే రాత్రి ఎంత భయంకరమో తెలిసిన వారు ఆ ఊగును అంత తేలికగా ఒప్పుకోరు. యేసు నామంలో ఆ భయం తీరిందని ఒక సవర ముసలమ్మ సాక్ష్యం చెబితే దానిని మానవశాస్త్రం చిన్నచూపు చూడరాదు.

రెండవ గ్రంథం ఈ మలుపు తరువాతి కథ. నాలుగు దశాబ్దాల రాకపోకలలో వైటెబ్స్కీ తన స్నేహితుల పిల్లలు బాప్తిస్టు విశ్వాసులు కావడం చూశాడు. బ్రెక్లం లూథరన్ మిషన్ 1882 నుండి జయపురం, సాలూరు వైపునా, కెనడా బాప్తిస్టులు శ్రీకాకుళం, బొబ్బిలి, పర్లాకిమిడి వైపునా చేసిన పనికి ఈ చరిత్ర తోబుట్టువు వంటిది. చదువు, ఆసుపత్రి, అప్పుల నుండి విడుదల, కొండకింది ప్రపంచంలో తల ఎత్తుకొని తిరిగే ధైర్యం, ఇవన్నీ ఈ మార్పుతో కలిసి వచ్చాయి. వైటెబ్స్కీ అడిగిన ప్రశ్న మాత్రం మనలను గుచ్చుతుంది: మృతులతో మాటాడడం మానివేసినవారు తమ దుఃఖాన్ని ఇప్పుడు ఎవరితో చెప్పుకొంటారు? సమాధి చేసి, పాట పాడి, పరలోకంలో కలుసుకొంటామని చెప్పి ఇంటికి వచ్చిన తరువాత ఆ రాత్రి మనసులో లేచే ఆలోచనకు జవాబు చెప్పేదెవరు?

మానవశాస్త్రజ్ఞుడు ఇక్కడ ఆగిపోయాడు. మన లేఖనాలలో ఏమున్నదో వెదకడం ఆయన పని కాదు, మన పని.

ముందుగా ‘చింత’ అన్న మాట. మత్తయి 6వ అధ్యాయంలోనూ ఫిలిప్పీ 4వ అధ్యాయంలోనూ నిషేధింపబడిన గ్రీకు క్రియ ‘మెరిమ్నావో’. అదే పత్రిక 2వ అధ్యాయంలో తిమోతి ఫిలిప్పీయుల క్షేమం కొరకు చేసే పనిని మెచ్చుకొంటూ పౌలు వాడింది అదే క్రియ. 2 కొరింథీ 11వ అధ్యాయంలో సంఘాలన్నిటిని గూర్చి తనకు దినదినము ఉన్న భారానికి ఆ క్రియకు సంబంధించిన నామవాచకాన్నే వాడాడు. మన పాత తెలుగు అనువాదకులు ఈ నాలుగు చోట్లా చింత అనే మాటనే నిలిపారు. ఇది వారి నిజాయితీ. ప్రసంగీకులమే మొదటి రెండింటిని పట్టుకొని తక్కిన రెండింటిని వదిలివేశాము. చింత పాపమైతే పౌలు తన పాపాన్ని అపొస్తలత్వానికి గురుతుగా చెప్పుకొన్నాడా? ఫిలిప్పీ 4లో నిషేధం వెంటనే విన్నపాలను దేవునికి తెలియజేయమన్న మాట ఉన్నది. అపొస్తలుడు చింతను అణచివేయమనలేదు, దానికి వినేవాడిని చూపించాడు.

ఉత్తరాంధ్ర జనం నోట ఈ అనుభవానికి చింత కన్న ‘బెంగ’ అనే మాట ఎక్కువ. బెంగ పెట్టుకోవడమంటే ఎవరో ఒకరి మీద పెట్టుకోవడం. దానికొక దిక్కు ఉంటుంది. గుబులుకు ఆ దిక్కు లేదు. కాపరి మొదట తెలుసుకోవలసింది తన ముందున్న మనిషిది బెంగా గుబులా అని. మన కాపరి విద్యా పాఠ్యప్రణాళికలలో ఈ పాటి వివేచనకు కూడా చోటు లేకపోవడం విచారకరం.

రెండవదిగా, విలాప కీర్తనలు. కీర్తనల గ్రంథంలో సుమారు మూడవ వంతు మొర, ఫిర్యాదు, నిలదీత. 13వ కీర్తన ఎంతవరకని నాలుగుసార్లు అడుగుతుంది. 42, 43 కీర్తనలలో భక్తుడు తన ప్రాణాన్నే ఎదుట నిలబెట్టి, ఎందుకు కృంగియున్నావని మూడుసార్లు ప్రశ్నిస్తాడు. 88వ కీర్తన చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, స్తుతితో ముగియాలన్న మన నియమాన్ని అది ఎరుగదు. విలాపాన్ని పోగొట్టుకొన్న సంఘానికి కలిగే నష్టాన్ని గూర్చి వాల్టర్ బ్రూగెమన్ 1986లో ఒక వ్యాసం వ్రాశాడు. మొర పెట్టుకొనే హక్కు లేని చోట దేవునితో సంబంధంలో మనిషి పక్షం మాయమై, మిగిలేది లొంగుబాటు లేదా అపరాధభావం అని ఆయన వాదం. పార్వతీపురం నుండి చూస్తే ఆ వాదానికి ఇంకొక సాక్ష్యం దొరుకుతుంది. మృతుణ్ణి నిలదీసే అలవాటు ఉన్నవారికి మనం దేవుణ్ణి నిలదీసే కీర్తనలను అందించలేదు, స్తుతి కీర్తనలను మాత్రమే ఇచ్చాము. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి పాటలలో మొర స్వరం ఉండనే ఉన్నది. దానిని ఆదివారపు ఆరాధనలో వెనక్కి నెట్టింది మనమే.

మృతులను విచారించడం ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం నిషేధించిందనీ, ఏన్దోరులో సౌలు చేసింది అదేననీ గుర్తుచేసే సోదరులకు మా మనవి: ఆ నిషేధం సడలించాలని మేము అనడం లేదు. అయితే అదే సమూయేలు గ్రంథాలలో దావీదు యోనాతానును పేరు పెట్టి పిలిచి, ఎదుటనున్నవానితో మాటాడినట్లు విలపించాడు. అబ్షాలోమును కూడా అలాగే పిలిచి ఏడ్చాడు. మృతుని నుండి రహస్యం రాబట్టడం వేరు, మృతుని పేరు పిలిచి దేవుని ఎదుట ఏడవడం వేరు. ఈ తేడా చెప్పకుండా ఏడ్పునే అవిశ్వాసంగా లెక్కగట్టడం లేఖనానికి విధేయత కాదు.

ఆదిసంఘపు అరణ్యవాసులకు ఈ విషయం మనకన్న బాగా తెలుసు. ఐగుప్తు ఎడారిలో 399లో మరణించిన ఎవాగ్రియస్ మనిషిని పీడించే ఎనిమిది విధాలైన తలంపులను గుర్తించి, ఒక్కొక్క తలంపుకు లేఖనం నుండి చెప్పదగిన జవాబులను ఎనిమిది భాగాలుగా కూర్చాడు. ఆ గ్రంథం పేరుకు అర్థం ఎదురుపలకడం. తలంపును వెళ్లగొట్టడమని గాక దానితో మాటాడడమని ఆయన పద్ధతి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు విద్యార్థులను తెల్ల ఎలుగుబంటిని గూర్చి తలచవద్దని కోరి చూశాడు. వారు తలచకుండా ఉండలేకపోయారు సరికదా, తరువాత తలచవచ్చునని చెప్పినప్పుడు, మొదటి నుండీ తలచమన్నవారికంటే ఎక్కువగా తలచారు. చెడు ఆలోచన రానీయవద్దని పులిపీఠం నుండి గద్దించేవారు ఈ ఎలుగుబంటిని ఒకసారి జ్ఞాపకం చేసుకొంటే మంచిది.

ఇంతమాత్రాన సంభాషణతోనూ కీర్తనలతోనూ అన్నీ తీరతాయని మేము అనము. వైటెబ్స్కీ గ్రంథాలలో వైద్యానికి దక్కిన చోటు తక్కువ. ఆందోళన నెలల తరబడి, ఆరు నెలలకు మించి, పనినీ నిద్రనూ తినివేస్తుంటే అది వైద్యుడు చూడవలసిన స్థితి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో మానసిక రుగ్మతలు ఉన్నవారిలో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. కొండమీది గూడెం నుండి విశాఖపట్నం మానసిక వైద్యశాలకు ఉన్న దూరం ఎవరికైనా తెలిసినదే. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో దొరుకుతుంది. చచ్చిపోవాలన్న మాట నోట వచ్చిన మనిషిని ప్రార్థనతో మాత్రమే పంపివేసే కాపరి తన పరిచర్యలో తప్పిపోయినట్లే. ఆ మనిషిని ఒంటరిగా వదలక వైద్యుని వద్దకు వెంట తీసుకొని వెళ్లడం కూడా కాపరి పనే.

మళ్లీ గ్రంథాల వద్దకు వస్తే, రెండింటిలో మొదటిదే మాకు బలమైనదిగా తోచింది. అందులో సంభాషణలు పూర్తిగా వినబడతాయి. రెండవదానిలో గ్రంథకర్త సొంత దుఃఖం అడుగడుగునా పైకి వస్తుంది. తాను ప్రేమించిన లోకం తన కళ్ల ముందే మాయమైనందుకు ఆయన కూడా బెంగ పెట్టుకొన్నాడు, ఆ బెంగతో క్రైస్తవ సవరల నోట వచ్చిన మాటలను కొన్నిచోట్ల తొందరగా దాటిపోయాడు. వారి ప్రార్థనలను ఆయన మృతసంభాషణలను విన్నంత ఓపికగా వినలేదు. స్థాపన ఆరాధన ముగిసిన మూడవ రోజున, నలభయ్యవ రోజున, సంవత్సరీకపు కూడికలో విధవ ఏమి ప్రార్థిస్తుంది, ఏ మాట దగ్గర ఆగిపోతుంది, చుట్టూ ఉన్నవారు ఏమని బదులిస్తారు అన్నది ఈ రెండు గ్రంథాలలోనూ సరిగా నమోదు కాలేదు. గుమ్మలక్ష్మీపురం, సీతంపేట సంఘాలలో సవర భాష తెలిసిన మన విద్యార్థులు ఉన్నారు. నోటుపుస్తకం పట్టుకొని వినవలసినవారు వారే.