త్రిభుజం, వృత్తం, రెండు గీతలు

బి.ఏ.లో సోషియాలజీ తీసుకున్న పిల్లల్ని చుట్టాలు అడిగే ప్రశ్న ఒకటే: ‘అది చదివితే ఏమొస్తుంది?’ పిల్లల దగ్గరున్న జవాబూ ఒకటే: ‘సివిల్స్‌లో ఆప్షనల్‌కి పనికొస్తుంది, గ్రూప్స్‌కీ ఉపయోగం.’ అబద్ధమేమీ కాదు. హైదరాబాదు అశోక్‌నగర్‌లో సోషియాలజీ, ఆంత్రోపాలజీ నోట్సుకు గిరాకీ తగ్గింది లేదు. కానీ ఈత ఎందుకు నేర్చుకున్నావంటే స్పోర్ట్స్ కోటా కోసం అన్నట్టుంటుంది ఆ జవాబు.

ఈ చదువులో చేత్తో చేసే పని ఒకటుంది, చుట్టరికాల చార్టు గీయడం. మగవాడికి త్రిభుజం, ఆడమనిషికి వృత్తం, పెళ్లికి మధ్యలో రెండు గీతలు, పిల్లల కోసం కిందికి దిగే గీత, పోయినవాళ్ల మీద ఏటవాలుగా ఒక కొట్టివేత. పుస్తకాల్లో వంశావళి పద్ధతి అంటారు. దీన్ని ఒక శాస్త్రపద్ధతిగా నిలబెట్టినవాడు డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్. చదివింది వైద్యం. 1898లో కేంబ్రిడ్జి బృందంతో టారెస్ జలసంధి దీవులకు వెళ్లాడు. అక్కడి జనం చూపును పరీక్షిస్తూనే, ఎవరికెవరు ఏమవుతారో రాసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత మన నీలగిరుల్లో తోడా గిరిజనుల దగ్గరా అదే పని చేసి, 1906లో వాళ్ల మీద పెద్ద పుస్తకమే వేశాడు.

రివర్స్ పట్టుకున్న కిటుకు చాలా చిన్నది. ‘మీలో పెళ్లిళ్ల ఆచారం ఏమిటి?’ అని అడగొద్దు. ‘మీ అక్కను ఎవరికిచ్చారు? పెళ్లికి ముందు ఆయన మీకు ఏ వరస?’ అని అడగాలి. ఆచారం అడిగితే జనం ఎలా ఉండాలనుకుంటారో చెబుతారు. అక్క సంగతి అడిగితే జరిగింది చెబుతారు. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో కొలవడమే మా సబ్జెక్టు.

మా క్లాసులో మొదటి చార్టు ఎవరింటిది వాళ్లే గీయాలి. ‘మాలో మేనరికాలు లేవు మేడం, అవన్నీ పాతకాలం’ అని గట్టిగా చెప్పిన అమ్మాయి కాసేపటికి పెన్సిలు ఆపి, ‘గీత వంకరపోతోంది మేడం’ అంది. వంకర కాదు. ఒక వృత్తం తన వరసలో నిలవకుండా పై వరసలోని త్రిభుజంతో జత కట్టింది. అక్క కూతుర్ని చేసుకున్న మేనమామ. ఆ అమ్మాయి పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పిన్నీ బాబాయే! రోజూ కళ్లెదుట ఉన్నదే, కాగితం మీదికి వస్తేగాని కనిపించలేదు.

రెండో చార్టుకు బయటివాళ్ల గుమ్మం ఎక్కాలి. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. మంగళగిరిలో ఒక మగ్గం ఇంటి అరుగు మీద కూర్చుని మా విద్యార్థి ఒకడు, ‘తాతగారి పేరేంటి అమ్మమ్మా?’ అని అడిగాడు. ఆవిడ నవ్వి, వాకిట్లో సైకిలు తుడుస్తున్న మనవణ్ణి చూపించింది. ‘వాడి పేరే.’ ‘వాడి పేరేంటి?’ ‘వాణ్ణే అడుగు నాయనా.’ తోడాల దగ్గర రివర్స్‌కూ ఇలాంటి చిక్కే వచ్చింది. చనిపోయిన బంధువుల పేర్లు వాళ్లు నోటితో పలికేవాళ్లు కాదు. అందుకని ఒక కుటుంబం వివరాలు మరో కుటుంబాన్ని అడిగి రాసుకున్నాడు.

అదే అరుగు మీద ‘పిల్లలెంతమంది?’ అంటే ‘నలుగురు’ అందావిడ. చార్టులో వరసగా దింపాలి కాబట్టి వాడు ‘పెద్దబ్బాయి తర్వాత ఎవరు?’ అని అడిగాడు. ‘వాడి తర్వాత ఒక పిల్ల, పురిట్లోనే పోయింది.’ చివరికి కాగితం మీద ఆరుగురు తేలారు. మొదటి జవాబు తప్పు కాదు. ఆ ప్రశ్నకు అంతవరకే చెప్పాలనిపించింది ఆవిడకు. ఏ ప్రశ్నకు ఎంత జవాబు వస్తుందో, ఎక్కడ పెన్సిలు పక్కన పెట్టి ఊరుకోవాలో ఏ గైడులోనూ దొరకదు.

ఇళ్లలో వివరాలు అడిగే మరో దారి ఫారం. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వే మొదలైంది. ఫారంలో 75 ప్రశ్నలు. రాష్ట్రం మొత్తం లెక్క తేలాలంటే ఫారమే కావాలి, కాదనను. కానీ ఫారం కుటుంబ యజమానితో మొదలవుతుంది. చార్టు మాత్రం మన ముందు ఎవరు కూర్చుంటే వాళ్లతో మొదలవుతుంది, ముసలమ్మైనా, పుట్టింటికొచ్చిన ఆడపడుచైనా.

మన దగ్గర ఈ పనికి మంచి వారసత్వమే ఉంది. 1955లో వచ్చిన ఎస్.సి. దూబే ‘ఇండియన్ విలేజ్’ శామీర్‌పేట గురించే. ఉస్మానియా నుంచి రకరకాల విభాగాల వాళ్లు ఊళ్లోకి దిగి చేసిన పని అది. భారతీయ గ్రామాల మీద ముందువరసలో చెప్పుకునే పుస్తకం. మన పిల్లలకది ఒక బిట్ ప్రశ్న: రచయిత ఎవరు, ఏ ఏడాది. ఇవాళ శామీర్‌పేటకు సిటీ బస్సుంది, పక్కనే అవుటర్ రింగురోడ్డుంది. ఆ పుస్తకం చేతబట్టుకుని బస్సెక్కి, భూములమ్ముకున్న ఇళ్లలో అన్నదమ్ముల వాటాలు ఎలా తేలాయో అడిగి రమ్మనే సిలబస్ మాత్రం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. మంచిదే, ఫారాలు ఇంట్లో కూర్చుని నింపకుండా ఉంటే!

నేను అడిగేది పెద్ద సంస్కరణేమీ కాదు. మొదటి ఏడాదిలో ప్రతి విద్యార్థీ రెండు చార్టులు గీయాలి. ఒకటి సొంతింటిది, రెండోది తన కులం కాని ఇంటిది. ఆ రెండో ఇంట్లో ఎక్కడ కూర్చోబెట్టారో, మంచినీళ్లు ఎందులో ఇచ్చారో, తాను తాగాడో లేదో చార్టు వెనక రాయాలి. వీటికి ఇరవై మార్కులు పెట్టండి. మిగతా ఎనభైకి కామ్టే, డర్క్‌హైమ్ ఎటూ ఉన్నారు.