దేవుణ్ణి తీసివేస్తే పండుగ లౌకికమవుతుందా?

నేను పాఠాలు చెప్పే కళాశాలలో పోయిన ఏడాది దసరా సెలవులకు ముందు బతుకమ్మ జరిగింది. గౌరమ్మ పూజ వుండరాదనీ, మతంతో సంబంధం లేని పూల వేడుకగా జరపాలనీ పట్టుబట్టినవారు అభ్యుదయ భావాలు గల విద్యార్థులే. తలకు 200 రూపాయలు చందా వేశారు. డీజే పెట్టెలూ, రంగుదీపాలూ అద్దెకు తెచ్చారు. పూల దుకాణంలో పేర్పించి తెచ్చిన బతుకమ్మ ఒకటి బల్లమీద వుంది. దానికి వీపు తిప్పి, సినిమా పాటలకు రెండు గంటలసేపు అందరూ గంతులు వేశారు. మరునాడు ఉపాధ్యాయుల గదిలో వాదం లేచింది. పండుగ మైలపడిందని సంప్రదాయవాదులన్నారు. దేవుడు పోయి ఆనందం మిగిలింది గనుక ఇది పురోగమనమేనని మన మిత్రులన్నారు. ఈ రెండు పక్షాలలో దేనితోనూ నేను ఏకీభవించలేకపోయాను. కారణాలు చెప్పవలసిన బాధ్యత నామీద వున్నది.

మొదట సంప్రదాయవాదుల సంగతి. పండుగ అంటే పూజ మాత్రమేననీ, వినోదం నిన్నగాక మొన్న వచ్చి చేరిన మాలిన్యమనీ వారి అభిప్రాయం. బతుకమ్మను చూసినవారెవరూ ఈ మాట అనజాలరు. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై ఆశ్వయుజ శుద్ధ అష్టమినాడు సద్దులతో ముగిసే ఈ తొమ్మిది రోజుల ఆటకు పురోహితుడు అక్కరలేదు, సంస్కృత మంత్రం అక్కరలేదు. పసుపుముద్ద గౌరమ్మ వున్నమాట నిజమే. కాని వానలకు చెరువులు నిండిన వేళ గట్లమీద ఊరికే పూసే తంగేడూ, గునుగూ తెచ్చి పేర్చుకోవడం, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు కలిసి ఆడుకోవడం, అత్తింటి కష్టాలు పాటలో చెప్పుకోవడం, చివరకు చెరువుగట్టున సద్దులు పంచుకు తినడం, ఇవన్నీ పూజకన్న పెద్దవి. పండుగలో లౌకికాంశం మనం కొత్తగా తెచ్చి పెట్టవలసినది కాదు. అది మొదటినుంచీ వున్నది.

ఇక మన మిత్రుల సంగతి. మతాన్ని మత్తుమందుతో పోల్చిన 1844 నాటి మార్క్స్ వ్యాసం మనలో చాలామంది పేర్కొంటారు. పీడితుల బాధ కూడా మతంలోనే పలుకుతుందని అదే వ్యాసంలో ఆయన చెప్పిన సంగతి మరచిపోతారు. ఆ బాధ చెప్పుకొనే చోటు ఎక్కడ అని అడగకుండా దేవుణ్ణి మాత్రం తొలగిస్తే, ఖాళీ అయిన ఆ పీఠం ఖాళీగా వుండదు. ఎవరో వచ్చి కూర్చుంటారు. ఎవరు కూర్చున్నారన్నదే అసలు ప్రశ్న.

దేవుడు లేని పండుగ జరపాలన్న ఆలోచన మనతో మొదలు కాలేదు. 1793 నవంబరులో పారిస్ విప్లవకారులు నోత్రదామ్ చర్చిలో హేతుబుద్ధికి పండుగ చేశారు. మరుసటి జూన్‌లో రోబెస్పియర్ నాయకత్వాన పరమాత్మ పేరిట మరొక మహోత్సవం జరిగింది. జూలైలో ఆయన పడిపోయాడు, ఆ కొత్త ఆరాధనా నిలవలేదు. పైనుంచి రచించి ప్రజలచేత ఆడించిన నాటకమది. సోవియట్ దేశంలో 1920ల చివర క్రిస్మస్ చెట్టుకు వ్యతిరేకంగా ప్రచారం సాగింది. 1935 డిసెంబరులో ప్రావ్దా పత్రికలో పోస్టిషెవ్ లేఖ వెలువడ్డాక అదే చెట్టు నూతన సంవత్సరపు చెట్టుగా తిరిగివచ్చింది. 1991లో సోవియట్ వ్యవస్థ కూలిపోయినా ఆ చెట్టు ఇళ్ళలో నిలిచే వుంది. పిల్లల చేతికి అలంకరించే పని వుండడమే అందుకు ఒక కారణమని నేననుకుంటాను. మన దేశంలో 1928లో టాగోర్ వృక్షారోపణ, హలకర్షణ ఉత్సవాలను ప్రారంభించాడు. మొక్క నాటడం, నాగలి పట్టడం అక్కడ పండుగ. శాంతినికేతన్‌లో, శ్రీనికేతన్‌లో అవి నేటికీ జరుగుతున్నాయి. చేతికి పని వున్న పండుగకే ఆయుష్షు వున్నట్టు కనిపిస్తుంది.

ఈ గీటురాయిమీద మా కళాశాల వేడుకను గీసి చూద్దాం. బతుకమ్మ ఆటలో ఒకామె పాట ఎత్తుకుంటుంది, తక్కినవారు అందుకుంటారు. అలసిపోతే మరొకామె ఎత్తుకుంటుంది. తెలిసినవారు తమ ఊరి సంగతి ఒకటి కలిపి పాడతారు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో రోడ్లమీద బతుకమ్మ ఆడినప్పుడు కొత్త మాటలు పాత వరుసలో ఇమిడిపోయింది ఈ సౌలభ్యం వల్లనే. డీజే పెట్టె ముందు పాట ఎత్తుకొనేవారికి చోటు లేదు. ఎత్తుకున్నా వినిపించదు. పాట ఎవరిదో కంపెనీది, శబ్దం మీట ఒకరి చేతిలో వుంది, తక్కిన 300 మంది దేహాలు దానికి లోబడి కదులుతాయి. పుచ్చుకోవడం తప్ప కల్పించడం లేని ఈ ఆనందాన్ని లౌకికమని ఎందుకు పొగడాలి? పీఠంమీద గౌరమ్మ లేదు, నిజమే. అక్కడ బజారు కూర్చుంది.

పైగా దేవుడి పేరు లేదు గనుక ఆ పెట్టె మతాతీతమైనదనుకోవడం అమాయకత్వం. అటువంటి పెట్టెలే ఊరేగింపుల్లో మసీదు ముందు ఆగి, కావాలని శబ్దం పెంచి, కొట్లాటలకు దారితీసిన ఉదంతాలు దేశంలో కొల్లలు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45 డెసిబెళ్ళు హద్దుగా పెట్టాయి. నియమాలు అవసరమే. కాని పోలీసులు పెట్టె ఆపించినంత మాత్రాన పాట తిరిగి మనుషుల గొంతుకు రాదు.

ఇంతవరకూ రాసి, మా తరగతి విద్యార్థులకు చదివి వినిపించాను. వెనుక బల్లమీది అమ్మాయి ఒకామె లేచింది.

"సార్, మా ఊళ్ళో మా వాడ బతుకమ్మ వేరు, ఊరి బతుకమ్మ వేరు. మేం చెరువుకాడికి పోతే వాళ్ళు ఆడినంక ఆడాలె. మీరు చెప్పే ఆ చుట్టులో నన్నెవ్వరూ నిలబడనియ్యలే. డీజే కాడ మాత్రం నీదే కులమని ఎవ్వరూ అడగలే" అన్నది.

తరగతి నిశ్శబ్దమైంది. ఆమె మాటకు నావద్ద సిద్ధంగా జవాబు లేదు. పాత పండుగలోని సామూహికతను వర్ణించేటప్పుడు ఆ సమూహంలోకి ఎవరిని రానిచ్చారో నేను రాయలేదు. ఇది చిన్న లోపం కాదు. పల్లెను మెచ్చుకొనే మన సాహిత్యమంతటా పాకిన లోపం. డీజే శబ్దంలో కులం వినిపించకపోవడం ఆమెకు విముక్తిగా తోచిందంటే, తప్పు ఆమెది కాదు, ఆ చెరువుగట్టుది.

అయితే కాసేపాగి ఆమే మరొక మాట కూడా చెప్పింది. "మా హాస్టల్ల ఇద్దరు 200 లేక రాలే సార్." చెరువుగట్టున కులం అడిగారు, కళాశాల గేటువద్ద డబ్బు అడిగారు. ఒకదానికన్న మరొకటి మేలని ఆమె ఎంచుకున్నది. ఎంచుకోవడానికి ఆ రెండే ఎందుకున్నాయన్నది మనం జవాబు చెప్పవలసిన ప్రశ్న.

కాబట్టి పండుగలో పూజ వుండాలా, విందు వుండాలా అన్న తగవు నాకు ప్రధానంగా తోచదు. పూజ చేసుకొనేవారు ఇంట్లో చేసుకుంటారు, దానిని నలుగురిమీద రుద్దరాదు. నలుగురూ కలిసే చోట రెండే షరతులు: లోపలికి రావడానికి కులమూ, మతమూ, డబ్బూ అడ్డు కారాదు, వచ్చినవారికి చెయ్యడానికి పని వుండాలి. ఈ రెండూ వుంటే సినిమా పాట ఒకటి పాడుకున్నా నష్టం లేదు. ఈ రెండూ లేకపోతే దేవుణ్ణి వెళ్ళగొట్టీ ప్రయోజనం లేదు.

ఈ ఏడు చందా వుండదనీ, ఎవరి పూలు వారే తేవాలనీ, పాటలు గొంతుతోనే పాడాలనీ మా విద్యార్థులు తీర్మానించారు. పాత వరుసల్లో కొత్త పాటలు రాసే పని తెలుగు శాఖకు అప్పగించారు. మొదటి పాట ఎత్తుకొమ్మని వెనుక బల్ల అమ్మాయిని అడిగారు. ఆమె ఇంకా ఒప్పుకోలేదు. పాటలో తమ వాడ సంగతి వుంటేనే ఆలోచిస్తానన్నది. ఆ పాట మేమింకా రాయవలసి వున్నది.