మూడణాల తోరణం

గుడినో కోటనో తపాలా బిళ్ల మీద వేసేవాడికి ఏం వదిలేయాలో తెలియాలి. నిజాం రాష్ట్రపు బిళ్లలు చూడగా చూడగా నాకీ సంగతి తలకెక్కింది.

1931 వరుసే తీసుకోండి. అణా బిళ్ల మీద చార్మినార్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ప్రవేశద్వారం, పన్నెండణాల మీద బీదర్ మదరసా, రూపాయి మీద దౌలతాబాద్ విజయస్తంభం. చివరి మూడూ ఇప్పుడు మనవి కావు. అజంతా, దౌలతాబాద్ మహారాష్ట్రలో, బీదర్ కర్ణాటకలో ఉన్నాయి. 1914లో మొదలైన నిజాం పురావస్తు శాఖ, దాని డైరెక్టర్ గులాం యజ్దానీ పడ్డ శ్రమ ఈ ఎంపిక వెనక ఉందని నా అనుమానం. అజంతా చిత్రాలు పాడైపోతుంటే ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది ఆ ప్రభుత్వమే మరి.

ఈ బిళ్లల ప్లేట్లు డి లా ర్యూ కంపెనీవి. చెక్కిన గాళ్లలో సిరా నింపి కాగితానికి అద్దే పద్ధతి. భూతద్దం పెడితే గీత గీతా విడిగా కనిపిస్తుంది.

అయినా నా మనసు 1947 నాటి మూడణాల బిళ్ల మీదే. దాని మీద ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం. అక్కడి స్వయంభూ ఆలయం ఏనాడో నేలమట్టమైంది, నాలుగు దిక్కులా తోరణాలు నిలిచాయి. స్తంభాలు, పైన అడ్డదూలం, మధ్యలో ఆకాశం. బొటనవేలంత కాగితంలో అలవోకగా ఇమిడిపోయే ఆకారం. 2014లో తెలంగాణ రాజముద్రలో చార్మినార్‌తో కలిసి చేరిందీ ఇదే.

ఇక స్వతంత్ర భారతం 1949 ఆగస్టు 15న 16 బిళ్లలు తెచ్చింది. అర్ధణాకు కోణార్క గుర్రం, రెండణాలకు నటరాజు, అయిదు రూపాయలకు తాజ్‌మహల్, పదికి కుతుబ్‌మినార్. శిల్పాలన్నీ చిల్లర బిళ్లలకు, పెద్ద కట్టడాలు పెద్ద వెలకు. సామాన్యుడి కవరుకే మేలు జరిగిందంటాను. శిల్పం చిన్న చోటులోనూ నిలబడుతుంది, తాజ్‌మహల్ అక్కడ బొమ్మరిల్లైపోతుంది. అణా బిళ్ల మీది బోధిసత్వుణ్ణి కుడి ఎడమలు తారుమారు చేసి అచ్చేశారు, మరుసటి ఏడు సరిదిద్దారు. సేకర్తలు రెండూ పక్కపక్కన పెట్టుకుంటారు. ఆ పదహారింటిలో తెలుగు నేల కట్టడం ఒక్కటీ లేదు. ఆ మంట నాకింకా ఉంది!

ఈమధ్య బిళ్లల్లో గోపురాన్ని అడుగు నుంచి కలశం దాకా రంగుల ఫొటోగా దించేస్తున్నారు. భూతద్దం పెడితే చుక్కలే. ఒక్క స్తంభం వేయండి చాలు, గుడి ఎక్కడుందో మేం వెతుక్కుంటాం.