డ్యూటీకి ముందే పరుగు

పతకం కోసం పరుగెత్తేవాళ్లను లోకం ఎలాగూ మెచ్చుకుంటుంది. నా గౌరవమంతా తెల్లవారకముందే పరుగు ముగించుకుని బడికో, బ్యాంకుకో, ఆసుపత్రి డ్యూటీకో వేళకు చేరే మామూలు మనిషి మీదే. చీరాల వైపు అలాంటివాళ్లకు వాడరేవు తీరమే మైదానం.

ఆ ఇసుక అంత తేలిగ్గా లొంగదు. పొడి ఇసుకలో పాదం దిగబడి పిక్కలు పట్టేస్తాయి. అల వెనక్కి తగ్గాక గట్టిపడే తడి అంచే దారి. ఆటుపోట్ల వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, ఆఫీసు వేళ మాత్రం మారదు. పోటు మీదున్న రోజు తారు రోడ్డే గతి. పైగా తీరం నీటివైపు వాలుగా ఉంటుంది. తీరం వెంట రామాపురం ఊరి వైపు వెళ్లేటప్పుడు ఎడమకాలు పల్లంలో పడితే, తిరిగొచ్చేటప్పుడు కుడికాలు. అందుకే తెలిసినవాళ్లు వెళ్లినంత దూరమూ అదే అంచున వెనక్కి వస్తారు.

వీళ్లు సిద్ధమయ్యే మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. దానికోసం నెలల తరబడి వారమంతా చిన్న పరుగులు, ఆదివారం ఒక పెద్ద పరుగు. అందులో ఎక్కువ భాగం పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగానే సాగాలి. వేగం కంటే ఆ నిదానమే కష్టం. శనివారం రాత్రి పెళ్లిలో చుట్టాలందరినీ వదిలి పెందలాడే ఇంటికి రావడం మరీ కష్టం. కోస్తా ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగే ఆదుకుంటుంది.

మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, ఆదివారం పొద్దున మాత్రం ఏ పనీ చెప్పకండి.