వెబ్‌పుటలో కుడియెడమలు: తెలుగు, ఉర్దూ లిపులకు ఒకే నియమము సాధ్యమా?

వరంగల్లు పాతపేటలలో ఒకటియైన మట్టెవాడలో ఒక దుకాణమునకు తెలుగు, ఉర్దూ భాషలలో పేరుపలక వ్రాయింపవలసివచ్చినచో, వ్రాయువాడు తెలుగు పంక్తిని ఎడమ అంచున, ఉర్దూ పంక్తిని కుడి అంచున మొదలుపెట్టును. ఆ సంగతి అతనికి ఎవ్వరును చెప్పనక్కరలేదు. అదే దుకాణమునకు వెబ్‌పుట తయారుచేయునపుడు మాత్రము ఈ చిన్నవిషయమును కంప్యూటరునకు నియమరూపమున తెలుపవలెను. 2017లో చట్టసవరణతో ఉర్దూ తెలంగాణ రాష్ట్రమంతటా రెండవ అధికారభాష అయినది. కనుక ఇది ఒక్క దుకాణపు చిక్కు కాదు. ప్రభుత్వ ప్రకటనలకు, దరఖాస్తులకు సైతము సంబంధించినది. ఇందుకై వాడుకలోనున్న నియమములు ఎంతవరకు యోగ్యములో పరిశీలింపదగును.

మొదట యంత్రము పనిచేయు తీరును తెలిసికొనవలెను. అక్షరములు కంప్యూటరు స్మృతిలో చదువు క్రమముననే ఒకదాని తరువాత ఒకటిగా ఉండును. అచ్చట కుడియెడమలు లేవు. తెరమీదికి వచ్చునపుడే దిశ కావలసివచ్చును. యూనికోడ్ ప్రమాణము అక్షరములకు దిశాస్వభావమును నిర్ణయించినది: తెలుగు అక్షరము ఎడమనుండి కుడికి, ఉర్దూ అక్షరము కుడినుండి ఎడమకు. అంకెల తీరు వేరు. 506002 అను పిన్‌కోడు ఉర్దూ పంక్తిలో సైతము ఎడమనుండి కుడికే నడచును. ఖాళీచోటు, కుండలీకరణముల వంటి వానికి సొంత దిశ లేదు. అవి ఇరుగుపొరుగులను అనుసరించును.

ఇక పుట వేషమును తీర్చునవి సి.ఎస్.ఎస్. అను శైలిపత్రములు. హోకోన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించిన ఈ పద్ధతి 1996 డిసెంబరులో మొదటి ప్రమాణముగా వెలువడినది. విషయమును, అలంకరణను వేరుచేయుట దాని గొప్పగుణము. కాని అందు ప్రక్క అంచులకు పెట్టిన పేర్లు ‘ఎడమ’, ‘కుడి’. జాబితాలోని చుక్కగుర్తులకు చోటు కావలెనన్న, ఎడమవైపు ఇంత ఖాళీ విడువుమని వ్రాయవలెను. తెలుగు పుటకు ఇది చాలును. ఆ పుటనే ఉర్దూలోనికి మార్చినచో చుక్కలు కుడికి పోవును. ఖాళీ మాత్రము ఎడమనే మిగిలిపోవును. దీనిని సరిదిద్దుటకై ప్రతి నియమమునకు ఎదురు నియమమొకటి వ్రాయవలసివచ్చెను. ఒకటి సవరించి రెండవది మరచినచో, ఆ కష్టము ఉర్దూ చదువరి పాలగును.

దీనికి మందు పేరు మార్చుటలోనే ఉన్నది. తరువాతి ప్రమాణము ‘ఎడమ’, ‘కుడి’ అనుటకు బదులు ‘పంక్తి మొదలు’, ‘పంక్తి చివర’ అన్నది. ఇప్పుడు ఒకే నియమము రెండు లిపులకును చెల్లును. 2010వ దశకము చివరికి ముఖ్యమైన బ్రౌజరులు ఈ నియమములను గ్రహించినవి. అయినను సంస్కరణ పూర్తికాలేదు. నాలుగు అంచులను ఒకేసారి చెప్పు పొట్టిరూపము, నీడలు, వస్తువును ప్రక్కకు జరుపు ఆజ్ఞలు నేటికిని తెర దిక్కులనే నమ్ముకొని యున్నవి.

దీనికంటె పెద్ద పొరపాటు దిశను కేవలము అలంకరణగా ఎంచుట. వరంగల్లు టెలిఫోను సంకేతము 0870. ఉర్దూ మాటల వెంట 0870, అడ్డగీత, స్థానిక సంఖ్య వరుసగా వ్రాసినచో, యూనికోడ్ సూత్రము ప్రకారము 0870 కుడికి, స్థానిక సంఖ్య ఎడమకు పోవును. చదువరి ఎడమనుండి అంకెలు నొక్కినచో ఆ పిలుపు చేరవలసినచోటికి చేరదు. ఆసుపత్రి సంఖ్యయే అయినచో దీని ఫలితమేమో చెప్పనక్కరలేదు. అట్లని సూత్రమును నిందింప వీలులేదు. పనివేళలను ‘10-5’ అని వ్రాసినపుడు అదే మార్పు ఉర్దూ చదువరికి సరియైన వరుసను ఇచ్చును. అతడు కుడివైపున ఉన్న 10ని ముందు చదువును. అడ్డగీత టెలిఫోను సంఖ్యలోనిదో, వేళలలోనిదో యంత్రమెట్లు ఎరుగును? వ్రాసినవాడే చెప్పవలెను. అందుకు ‘డిర్’ అను గుర్తు 1997 నాటి హెచ్‌టిఎమ్‌ఎల్ 4.0 ప్రమాణములోనే ఉన్నది. దానిని శైలిపత్రమునకు వదలక మూలవాచకములోనే ఉంచవలెను. అప్పుడు శైలిపత్రము అందకపోయినను సంఖ్య చెడదు.

పంక్తుల ఎడము విషయమున రెండు లిపుల కష్టమును ఒక్కటే. ఉర్దూ నస్తాలీఖ్ వ్రాతలో పదము ఎడమకు సాగుచు క్రిందికి జారును. తెలుగున గుడులు పైకి, వత్తులు క్రిందికి పోవును. రోమను లిపికి చాలిన ఎడము ఈ రెంటికిని చాలదు.

మొత్తముమీద నేటి నియమములు మంచివే. లోపము వానిని వాడు తీరులో ఎక్కువ. తెలుగు పుటను ముగించిన పిమ్మట ఉర్దూను అతికించు పద్ధతి మానవలెను. తొలి నియమము వ్రాయునాడే రెండు లిపులను ఎదుట ఉంచుకొని, ‘ఎడమ’ అని వ్రాయబోవు ప్రతిచోట ‘మొదలు’ అని వ్రాసినచో పని సగము తీరును. తక్కిన సగము, సంఖ్యల దిశను మూలములోనే తెలుపుట.